బండిలో పాటతో వచ్చు రొద: దాని జాడ తీయు విధము

మా పాఠశాల వ్యానులో పాటలు వినిపించు యంత్రమొకటి కలదు. పిల్లలను విహారయాత్రలకు కొనిపోవునప్పుడును, క్రిస్మసు దినములలో రాత్రివేళ ఇంటింటికి పాడుచు తిరుగునప్పుడును దానిని ఉపయోగింతుము. రేడియో డ్రైవరుగారి యెదుటనుండుటచే వెనుక కూర్చుండు చిన్న తరగతుల పిల్లలకు పాట సరిగా వినబడుట లేదని, కడచిన వేసవిలో మా విజ్ఞాన సంఘము వారమే వెనుక సీటు క్రింద ఒక ఆంప్లిఫయరును, దానికి రెండు స్పీకర్లను అమర్చితిమి. కొన్ని వారములు అది చక్కగా పాడెను. పిమ్మట వానకాలములో ఒకనాటినుండి పాటతోపాటు సన్నని ఈలవంటి కూతయొకటి వినబడసాగెను. ఇంజను వేగము హెచ్చినకొలది ఆ కూతయు పై స్థాయికి పోవును. వేగము తగ్గినచో తానును దిగివచ్చును. ఇంజనును ఆపినచో ఆగిపోవును.

ఆ వారముననే మా డ్రైవరుగారు తన ఫోనునకు ఛార్జరు నొకదానిని బండిలో తగిలించియుండిరి. బండి ఆలస్యమైనప్పుడు తలిదండ్రులు మాటలాడునది ఆ ఫోనుతోనే. అయినను కూతకు కారణము ఆ ఛార్జరే యని అందఱును అనిరి, మేమును అంటిమి. ఆయన మాఱు పలుకక దానిని ఊడదీసి జేబులో వేసికొనిరి. కూత ఆగలేదు. అప్పుడైనను మేము ఊరకుండక, ఛార్జరు పెట్టునప్పుడు ఆయన ఏదో తీగను చెఱచియుండునని చెప్పుకొంటిమి. పట్టణములో నొక దుకాణదారుడు ఆంప్లిఫయరును మార్చవలసినదే యనెను. దానికి మా సంఘపు నిధియంతయు చాలునో చాలదో యన్నట్లుండెను. ఆ సమయమున మా సైన్సు ఉపాధ్యాయులు, “చూడకుండ తీర్పు చెప్పుట న్యాయము కాదు, కొనుటకు ముందు వెదకుటకు ఖర్చు లేదు,” అనిరి. వారి యాజ్ఞపై మేము రెండు శనివారములు ఆ బండియొద్దనే గడపితిమి. అప్పుడు నేర్చిన దానిని, కారును గాని వ్యానును గాని కలిగియున్నవారికి ఉపయోగపడునను తలంపుతో ఇచట వ్రాయుచున్నాము.

రొద పుట్టు చోటులు

రేడియో తరంగమును విద్యుత్తు రవ్వయు తోబుట్టువులు. జర్మనీ దేశీయుడగు హైన్‌రిఖ్ హెర్ట్‌జ్ 1887, 1888 సంవత్సరములలో విద్యుదయస్కాంత తరంగములు కలవని ప్రయోగముచే చూపినప్పుడు, వానిని పుట్టించుటకు ఆయన వాడినది సన్నని సందులో ఎగురు విద్యుత్తు రవ్వయే. పెట్రోలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు చేయు పనియు అదియే. నాలుగు సిలిండర్లుగల సాధారణమైన ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు, చుట్టునకు రెండు చొప్పున నిమిషమునకు 6000 రవ్వలు, అనగా సెకనునకు 100 రవ్వలు పుట్టును. రేడియోకు ప్రతి రవ్వయు ప్రక్క గదిలో ఎవరో తలుపు తట్టుచున్నట్లుండును.

అందుచేతనే బండిలో రేడియోను పెట్టుట తొలుత కష్టమైన పనిగా నుండెను. అమెరికాలోని చికాగో నగరమున పాల్ గాల్విన్ అనువాని కంపెనీ 1930లో ‘మోటరోలా’ అను పేర కారు రేడియోను అమ్మకమునకు తెచ్చెను. ఆ కాలపు పనివారు ప్లగ్గులకు పోవు తీగలలో నిరోధకములను, డైనమో యొద్ద కండెన్సర్లను చేర్చి ఆ టకటకను అణచుచుండిరి. నేటి ప్లగ్గులలో అనేకములకు ఇంచుమించు 5000 ఓముల నిరోధకము లోపలనే యుండును. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంటు పొందిన ఎఫ్.ఎం. పద్ధతియు ఇట్టి రొదను చాలవఱకు తగ్గించినది. ఏ.ఎం. పద్ధతిలో సందేశము తరంగపు ఎత్తులో నుండును. రవ్వ చెఱచునది ముఖ్యముగా ఆ యెత్తునే. ఎఫ్.ఎం. పద్ధతిలో సందేశము తరంగపు పౌనఃపున్యములో నుండును గావున ఎత్తు కొంత చెడినను పాట చెడదు.

అయితే మా వ్యాను డీసెలుతో నడచునది. డీసెలు ఇంజనులో గాలిని గట్టిగా అదుముటవలన కలుగు వేడిచేతనే నూనె మండును. స్పార్కు ప్లగ్గు ఉండదు. మఱియు మేము వినినది టకటక కాదు, ఈల. కావున మొదటి నేరస్థుని పేరు మా పట్టికనుండి కొట్టివేసితిమి. రెండవ పేరు ఆల్టర్నేటరుది.

ఇంజను నడచునప్పుడు బ్యాటరీని నింపుచు బండికి కావలసిన విద్యుత్తు నిచ్చునది ఆల్టర్నేటరు. పూర్తిగా నిండి విశ్రాంతిగానున్న బ్యాటరీ ఇంచుమించు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడచునప్పుడు సాధారణముగా 13.8 మొదలు 14.4 వోల్టుల వఱకు ఉండును. ఆల్టర్నేటరులో పుట్టునది అటునిటు మారు విద్యుత్తు. మూడు తీగచుట్టలలో పుట్టు ఆ విద్యుత్తును ఆఱు డయోడులు ఒకే దిక్కునకు త్రిప్పును. అట్లు త్రిప్పినను అది నిలువ నీటివలె సమముగా నుండదు. చిన్న అలలు మిగులును. ఆ అలలే స్పీకరులో చేరినచో ఈలయై వినబడును.

ఇచట ఒక లెక్క చేయుదము. ఇంజను నిమిషమునకు 1000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. బెల్టు కప్పీల వలన ఆల్టర్నేటరు దానికి మూడు రెట్లు, అనగా 3000 చుట్లు తిరిగినచో సెకనునకు 50 చుట్లగును. దానిలో ఆఱు జతల అయస్కాంత ధ్రువములున్నచో ఒక్కొక్క చుట్టలో సెకనునకు 300 ఆవృత్తులు కలుగును. ఒక్కొక్క ఆవృత్తిలో ఆఱు అలలు చొప్పున సెకనునకు 1800 అలలగును. ఇది చెవికి చక్కగా వినబడు సన్నని స్వరము. ఇంజను వేగము రెట్టింపైనచో 3600 అలలగును, అనగా స్వరము సరిగా ఒక స్థాయి పైకి పోవును. మా వ్యానులోని కూత ఇంజను వేగమునుబట్టి ఎక్కుచు దిగుచు నుండుటకు కారణము ఇదియే.

ఈ రెండును గాక మఱికొన్ని చోటులునూ కలవు. గాలిపంకా, అద్దము తుడుచు మోటారు, పెట్రోలు పంపు మొదలగువాని మోటారులు గరగరమను రొద చేయును. స్విచ్చి వేయునప్పుడు ‘టప్పు’మను ఒక్క దెబ్బ వినబడును. ఫోను ఛార్జర్లును, కొన్ని ఎల్.ఇ.డి. దీపములును తమలోని వోల్టేజిని మార్చుటకై సెకనునకు వేలకొలది, లక్షలకొలది మార్లు విద్యుత్తును తెంచుచు కలుపుచు నుండును గావున, అవియు రేడియోకు అడ్డు రాగలవు. విద్యుద్వాహనములలో ఈ విధమైన రొద మిక్కిలి బలముగా నుండుటచేత కొందఱు నిర్మాతలు వానిలో ఏ.ఎం. రేడియోను అమర్చుటయే మానిరి. ఏ యంత్రముతోను సంబంధము లేక ఎల్లప్పుడు వినబడు ‘బుస’ ఆంప్లిఫయరును అవసరమునకు మించి పెంచుటవలన కలుగునది.

రెండు చెఱువుల ఉపమానము

అలలు ప్రతి బండిలోను పుట్టుచున్నవి గదా, అన్ని బండ్లును ఏల కూయవు? ఈ ప్రశ్న మమ్ము చాలసేపు కలవరపెట్టినది. దీనికి ప్రత్యుత్తరము ఎర్తులో నున్నది.

ఇంట రెండు తీగలున్నట్లు బండిలో ప్రతి దీపమునకు రెండు తీగలు బ్యాటరీవఱకు పోవు. ధన ధ్రువమునుండి తీగ వచ్చును. తిరిగి పోవు దారి బండి యొక్క ఇనుప శరీరమే. అన్ని యంత్రముల విద్యుత్తును ఆ యొక్క ఇనుము మీదుగనే బ్యాటరీ ఋణ ధ్రువమునకు చేరును. ఇనుము ఎంత మంచి దారియైనను దానికిని కొంచెము నిరోధకము కలదు. జార్జి ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రము ప్రకారము, విద్యుత్తును నిరోధకమును గుణించినచో వోల్టేజి వచ్చును. 10 ఆంపియర్లు ప్రవహించు దారిలో ఓములో నూఱవ వంతు నిరోధకమున్నను 0.1 వోల్టు తేడా కలుగును. దారిలో రంగుగాని, తుప్పుగాని, వదులైన బోల్టుగాని యున్నచో ఆ తేడా ఇంకను హెచ్చును.

రేడియో ముందు భాగమున ఒకచోట ఎర్తు చేయబడినది. ఆంప్లిఫయరు వెనుక భాగమున మఱియొకచోట. ఈ రెండు చోటులను రెండు చెఱువులనుకొందము. రెండింటి నీటిమట్టము ఒకటేయైనచో నడుమ కాలువ త్రవ్వినను నీరు కదలదు. మట్టములలో తేడా యున్నచో, పైరునకు నీరు పెట్టుటకు త్రవ్విన చిన్న కాలువలోనే చెఱువు నీరు పాఱును. ఇచట చిన్న కాలువ యనగా పాటను రేడియోనుండి ఆంప్లిఫయరునకు కొనిపోవు కేబులు. దాని లోపలి తీగ పాటను మోయును. పైనున్న అల్లిక రెండు యంత్రముల ఎర్తులను కలుపును. ఎర్తుల నడుమ తేడా యున్నచో ఆల్టర్నేటరు అలలు ఆ యల్లికలో పాఱి పాటతో కలియును. మోటారు మేస్త్రీలు దీనిని ‘ఎర్తు లూపు’ అందురు. ఆ తేడాలో కదలక నిలిచియుండు భాగము చెవికి వినబడదు. అలవలె మారుచుండు భాగమే కూతయగును.

పాట గట్టిగానున్నప్పుడు కేబులులో రెండు వోల్టులుండునని తలంతము. పాట నెమ్మదించినప్పుడు మన చెవి అందులో వేయవ వంతును సైతము, అనగా వోల్టులో వేయికి రెండు వంతులను గుర్తింపగలదు. ఇంత స్వల్పమైన అల చాలునన్నచో, ఒక బోల్టు క్రింది రంగుపొర పాటను చెఱచుటలో వింత లేదు.

పరీక్షించు క్రమము

ఒక్క పరీక్షలో ఒక్క మార్పునే చేయవలెను. ఫలితమును వెంటనే కాగితముపై వ్రాసికొనవలెను. రెండు మార్పులు ఒక్కసారి చేసినచో రొద ఆగినను దేనివలన ఆగినదో తెలియదు. మేము ఈ క్రింది క్రమమున చేసితిమి.

మొదటిది, ఇంజనును ఆపి యంత్రమును మాత్రము పాడించుట. అప్పుడును రొద యున్నచో ఇంజనుతో దానికి పని లేదు. మా బండిలో రొద లేకుండెను. కావున నడచు ఇంజనుతోనే సంబంధము.

రెండవది, ఇంజనును నడపి వేగము పెంచి తగ్గించుట. రొద స్వరము వేగముతో ఎక్కి దిగినచో ఆల్టర్నేటరును, పెట్రోలు బండిలో టకటక తఱచైనచో ప్లగ్గులను అనుమానింపవలెను. మాది ఈల, స్వరము మారెను.

మూడవది, దీపములు, పంకా, అద్దము తుడుచునది, హారను ఒక్కొక్కటిగా వేసి చూచుట. హెడ్‌లైట్లు వేసినప్పుడు మా కూత కొంచెము బలపడెను. దీపములు వేసినచో ఆల్టర్నేటరు మీద బరువు హెచ్చి అలలును హెచ్చును గావున ఇది రెండవ పరీక్షకు సాక్ష్యమయ్యెను.

నాలుగవది, ఛార్జరు పరీక్ష. ఇంజను నడచుచుండగా ఛార్జరును పది మార్లు పెట్టి పది మార్లు తీసితిమి. ఒకడు పెట్టి తీయుచుండగా, వెనుకకు తిరిగి కూర్చున్న మఱియొకడు కూతను మాత్రము విని వ్రాసికొనెను. పెట్టినప్పుడును తీసినప్పుడును వానికి తేడా కానరాలేదు. ఆ కాగితమును చూచినప్పుడు మా ముఖములు వాడినవి.

ఐదవది, శబ్దమును పూర్తిగా తగ్గించుట. పాటతోపాటు రొదయు తగ్గినచో అది శబ్దము తగ్గించు మీటకు ముందే చేరుచున్నది: ఏరియలు నుండియో, ఫోనునుండియో వచ్చుచున్నది. పాట నిలిచినను రొద అంతే యున్నచో మీట దాటిన తరువాత చేరుచున్నది. మాది అట్లే యుండెను. అనగా దొంగ రేడియోకును స్పీకరుకును నడుమ ఎచటనో కలడు.

ఆఱవది, యంత్రమును ఆపి, రేడియోనుండి వచ్చు కేబులును ఆంప్లిఫయరునుండి ఊడదీసి, ఆ రంధ్రములలో లోపలి మొనను పై కప్పుతో కలిపిన ప్లగ్గులను పెట్టి మరల నడపుట. అప్పుడును రొద యున్నచో దోషము ఆంప్లిఫయరులోగాని, దానికి విద్యుత్తు నిచ్చు తీగలలోగాని కలదు. మాకు పూర్తి నిశ్శబ్దము దొరకెను. ఆంప్లిఫయరు చెడిపోలేదని అప్పుడే తెలిసినది. ఆ క్షణమున మా సంఘపు నిధి మాకు తిరిగి వచ్చినట్లయ్యెను.

ఏడవది, ఛార్జింగులో లేని ఫోనును చిన్న కేబులుతో నేరుగా ఆంప్లిఫయరునకు తగిలించి పాడించుట. బండితో ఏ సంబంధమును లేని ఫోనునకు రెండవ ఎర్తు లేదు గావున కాలువ ఏర్పడదు. పాట శుభ్రముగా వినబడెను. మరల రేడియో కేబులును తగిలింపగా కూత వచ్చెను. కావున ఇది ఎర్తు లూపే.

ఎనిమిదవది, రెండు ఎర్తులలో చెడినది ఏది యని తేల్చుట. లావుపాటి తీగ నొకదానిని ఆంప్లిఫయరు ఎర్తునుండి నేరుగా బ్యాటరీ ఋణ ధ్రువమునకు తాత్కాలికముగా కలిపితిమి. కూత దాదాపు మాయమయ్యెను. ఆ తీగను తీసివేసి, పాట గట్టిగా నున్నప్పుడు అవే రెండు చోటుల నడుమ మీటరు పెట్టి చూడగా అది ఇంచుమించు అర వోల్టు చూపెను. దారి మంచిదైనచో అది అందులో పదవ వంతుకంటె ఎక్కువ చూపవలసిన పని లేదు.

మేము కనుగొన్నవి రెండు

వెనుక సీటును పైకెత్తి ఆంప్లిఫయరు ఎర్తు తీగ బిగించిన బోల్టును విప్పితిమి. దాని క్రింద బండి రంగు చెక్కుచెదరక యుండెను. వేసవిలో ఆ బోల్టును బిగించినది మేమే. రంగును గీకవలెనని మాకు తోచలేదు. బోల్టు మరలు కొంత ఇనుమును తాకుటచేత కొన్ని వారములు పని జరిగినది. వానలు వచ్చి, పిల్లల తడి పాదములనుండి నీరు జాఱి, మరలు తుప్పుపట్టగా ఆ కొంచెము దారియు మూసికొనిపోయినది. ఛార్జరు వచ్చినదియు, వానలు వచ్చినదియు ఒకే వారము. వెనుక వచ్చినది ముందు వచ్చినదానివలననే కలిగినదని అనుకొనుట ఎంత సులభమో, ఎంత తప్పో మాకు అప్పుడు తెలిసినది.

తుప్పును రంగును ఉప్పు కాగితముతో రుద్ది, ఇనుము వెండివలె మెఱయువఱకు శుభ్రము చేసితిమి. తీగ కొనకు క్రొత్త లగ్గును తొడిగి, పండ్ల వాషరు వేసి బోల్టును గట్టిగా బిగించి, పైన తడి చేరకుండ గ్రీజు పూసితిమి. ఎర్తు తీగ విద్యుత్తు తెచ్చు తీగయంత లావుగా నుండవలెను. పొడవు మూరెడు దాటకుండుట మంచిది. పిమ్మట ఇంజనును నడపి వేగము పెంచితిమి. పాట మాత్రమే వినబడెను.

రెండవ సంగతి కూతకు సంబంధించినది కాదు. కాని దానికంటె పెద్దది. తీగను మొదటినుండి చివరవఱకు పరిశీలించుచు పోగా, ఇంజను గదినుండి లోపలికి వచ్చు ఇనుప రంధ్రమునొద్ద, రబ్బరు తొడుగు వేయనందున అంచు కోసికొని, తీగపైనున్న కవచము సగమువఱకు అరిగియుండెను. ఫ్యూజును మేము బ్యాటరీయొద్ద పెట్టక, చేతికి అందుబాటులో నుండునని వెనుక ఆంప్లిఫయరుప్రక్క పెట్టియుంటిమి. ఫ్యూజు కాపాడునది తనకు ముందున్న తీగను కాదు, తరువాతనున్న దానిని. ఆ కవచము పూర్తిగా అరిగి రాగి ఇనుమును తాకియున్నచో బ్యాటరీనుండి వందలకొలది ఆంపియర్లు ఏ ఆటంకమును లేక పాఱి, తీగ ఎఱ్ఱగా కాలి బండికి నిప్పు అంటుకొనియుండెడిది. ఆ తీగ పోవునది పిల్లలు కూర్చుండు సీట్ల క్రిందనే. ఈ మాట వ్రాయుటకు మాకిప్పటికిని చేయి వణకుచున్నది. అదే దినమున రంధ్రమునకు రబ్బరు తొడుగు వేసి, ఆ తీగను మార్చి, బ్యాటరీనుండి జానెడు దూరములో ఫ్యూజును పెట్టితిమి. ఆ ఫ్యూజు బ్యాటరీకి 18 అంగుళములకంటె దూరముగా నుండరాదని ఈ పని తెలిసినవారు చెప్పుదురు.

ఇతర రొదలకు చికిత్స

మా బండి రోగము ఎర్తుది. మీ బండిది వేఱుగా నుండవచ్చును గావున తక్కిన చికిత్సలను క్లుప్తముగా చెప్పుచున్నాము.

లావుపాటి విద్యుత్తు తీగయు పాట కేబులును ఒకే దారిని జతగా పోరాదు. ఒక తీగలోని మారు విద్యుత్తు ప్రక్క తీగలో విద్యుత్తును పుట్టించునని మైకేలు ఫారడే 1831లో చూపెను. ఒకటి బండికి కుడి ప్రక్కను, మఱియొకటి ఎడమ ప్రక్కను పోవలెను. దాటక తప్పనిచోట అడ్డముగా, సమకోణముగా దాటవలెను.

రేడియో స్టేషను పెట్టినప్పుడు మాత్రమే రొద యున్నచో ఏరియలు అడుగున తుప్పును చూడవలెను. పాత పెట్రోలు బండిలో టకటకయున్నచో నిరోధకముగల ప్లగ్గులును, చెడని ప్లగ్గు తీగలును వేయవలెను. ఫోను ఛార్జింగులో నున్నప్పుడు మాత్రమే కూత యున్నచో మంచి ఛార్జరును వేయవలెను, లేదా తీగ లేకుండ బ్లూటూతు ద్వారా పాట వినవలెను. ఎడతెగని బుస యున్నచో ఆంప్లిఫయరు మీద గెయిను మీటను తగ్గించి, రేడియో శబ్దమును పెంచి చూడవలెను.

ఎర్తు లూపును తెంచుటకు అంగడిలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుగల పెట్టెలు అమ్ముదురు. పాట అయస్కాంత శక్తిచే దాటును. రెండు ఎర్తుల నడుమ లోహ సంబంధము తెగును. అయితే చౌకబారు పెట్టెలు మంద్రస్వరములను పలుచన చేయును. అంతకంటె ముఖ్యమైనది, మేము మొదటనే అట్టి పెట్టె కొనియున్నచో కూత అణగియుండును. తుప్పుపట్టిన బోల్టు అట్లే యుండును. అరిగిన తీగను ఎవరును చూచియుండరు. ఎర్తులు బాగుండియు రొద పోనప్పుడే దానిని వాడవలెను.

జాగ్రత్తలు

తీగలను విప్పుటకు ముందు ఇంజనును ఆపి, బ్యాటరీ ఋణ ధ్రువపు తీగను మొదట తీయవలెను. పని ముగిసిన తరువాత దానిని చివర బిగింపవలెను. ఇంజను నడచుచుండగా బ్యాటరీని ఎన్నడును విప్పరాదు; వోల్టేజి ఒక్కసారిగా ఎగసి యంత్రములు కాలిపోవును. పసుపుపచ్చని తొడుగుగల తీగలు సాధారణముగా ఎయిరు బ్యాగులవి; వానిని ముట్టరాదు. విద్యుద్వాహనములలో నారింజరంగు తీగలు ప్రాణము తీయగల వోల్టేజిని మోయును; వాని దరికే పోరాదు. ఇంజను నడపి చేయు పరీక్షలను ఆరుబయటనే చేయవలెను. మూసిన గదిలో ఆ పొగ మరణమునకు కారణమగును. తిరుగు బెల్టుల దగ్గఱ వ్రేలాడు వస్త్రములు పనికిరావు. మేము ఈ పనియంతయు ఉపాధ్యాయులు ప్రక్కనుండగానే చేసితిమి. పిల్లలు ఒంటరిగా చేయవలసిన పని కాదు.

రెండవ శనివారము సాయంకాలము మేమందఱమును డ్రైవరుగారి యొద్దకు పోయి, మా కాగితమును చూపి, తప్పు మాదేయని చెప్పి క్షమింపుడని వేడితిమి. కొండమీది ప్రసంగములోని నలుసు, దూలముల మాటను మేము చిన్ననాటినుండి విన్నవారమే. దానిని ఒక బోల్టు క్రింద చూచుట మాత్రము అదియే మొదటిసారి. ఆయన నవ్వి, “పోనీలెండి బాబూ, పిల్లలెక్కే బండి. బాగుపడితే అదే చాలు,” అనిరి. జేబులోనుండి ఛార్జరును తీసి మరల దాని చోట పెట్టుకొనిరి.

ఇప్పుడు వ్యానులో చిన్న పుస్తకమొకటి ఉంచితిమి. వానలకు ముందొకసారి, వానలైన తరువాత నొకసారి ఎర్తు బోల్టును విప్పి చూచి శుభ్రము చేయవలెననియు, రంధ్రమునొద్ద తీగ కవచమును తడవి చూడవలెననియు అందులో వ్రాసితిమి. చూచినవారు తేదీ వేసి సంతకము చేయుదురు. మొదటి సంతకము డ్రైవరుగారిది.